గ్రూపు నడిపే కొత్తవారికి కొన్ని పాత సలహాలు

మీ బడిలో వారానికోసారి 'గ్రూప్ థెరపీ' పీరియడ్ పెట్టారనీ, అది మీకే అప్పగించారనీ విన్నాను. శుభం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక గది, ఎనిమిది మంది పిల్లలు. చిన్నవాడికి పద్నాలుగు, పెద్దవాడికి పంతొమ్మిది. అందరి ఫైళ్ల మీదా 'మేధో వైకల్యం' అని రాసి ఉంది. ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుంటూ, తమ గురించి తాము నాలుగు మంచి మాటలు అనుకునే దాకా వాళ్లు రావాలని మీ హెడ్‌మాస్టరు గారి ఆశ. ఆశ మంచిదే. నెరవేరితేనే ఇబ్బంది. తన గురించి తనకో అభిప్రాయం ఏర్పడిన పిల్లాడు ప్రశ్నలు అడుగుతాడు, వద్దంటాడు, నాకిది కావాలంటాడు. మీకు పని పెరుగుతుంది. అలా జరక్కుండా చాలాచోట్ల, చాలాకాలంగా, ఎవరూ నేర్పకుండానే అందరూ పాటిస్తున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటిని మీకోసం ఒకచోట చేర్చాను.

ముందు కుర్చీల సంగతి. గుండ్రంగా వేయమని పుస్తకాలు చెబుతాయి. వేయండి, ఫొటోకి బాగుంటుంది. మీది మాత్రం చేతుల కుర్చీ కావాలి. వాళ్లకి ఒకటో తరగతి గదిలోంచి చిన్న కుర్చీలు తెప్పించండి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి, ఈ గదిలో తన వయసెంతో వేరే చెప్పక్కర్లేదు.

మనిషి మొహం చూడకముందే ఫైలు చదవండి. ఐక్యూ అంకె చూడండి, సదరం సర్టిఫికెట్‌లో శాతం చూడండి, మూసేయండి. ఇంకా ముందుకు వెళితే చిక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల జాబితా ఇచ్చి, మేధో వైకల్యం దగ్గర రెండు సంగతులు కలిపి చెప్పింది. ఆలోచించడంలో, నేర్చుకోవడంలో ఉన్న పరిమితి ఒకటి. రోజువారీ పనుల్లో, నలుగురితో మెలగడంలో ఉన్న పరిమితి రెండోది. రెండోదాన్ని పట్టించుకుంటే ఒక్కో పిల్లాడు ఏ పని చేసుకోగలడో, ఏది చేసుకోలేడో కూర్చుని చూడాలి. అప్పుడు రెండు బస్సులు మారి ఒంటరిగా బడికొచ్చే అమ్మాయి కనబడుతుంది. ఏ కొట్టువాడు చిల్లర ఎగ్గొడతాడో తెలిసిన అబ్బాయి కనబడతాడు. ఫైల్లో వాటికి గడి లేదు. గడి లేనిది లేనట్టే.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఈ పిల్లల కోసమే ఒక జాతీయ సంస్థ నడుస్తోంది. అక్కడో మరోచోటో శిక్షణ పొందిన స్పెషల్ టీచర్ ఒకావిడ మీ బడిలోనే ఉండి ఉంటారు. ఏ పిల్ల ఏ మాటకి ముడుచుకుపోతుందో, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే నోరు విప్పుతారో ఆవిడకి తెలుసు. అడగకండి. ఆవిడ జీతం మీ జీతం కంటే తక్కువ. అంకె చిన్నదైతే మనిషీ చిన్నే అన్న సూత్రం మీదే కదా మనం ఈ గ్రూపు నడుపుతున్నది.

ఇక ఫీడ్‌బ్యాక్. దీనికి మీకు ఒకే ఒక్క మాట చాలు: 'వెరీ గుడ్'. పేరు చెప్పాడా, వెరీ గుడ్. చెప్పలేదా, వెరీ గుడ్, కూర్చో నాన్నా. బొమ్మ వేసిందా, వెరీ గుడ్. వేయకుండా కాగితం చింపిందా, వెరీ గుడ్, కానీ చింపకూడదమ్మా. ప్రతిదానికీ అందరిచేతా చప్పట్లు కొట్టించండి. అవి ఎందుకో కొట్టినవాళ్లకీ తెలియకూడదు, కొట్టించుకున్నవాడికీ తెలియకూడదు. నెల తిరిగేసరికి పిల్లలు ఒక సంగతి గ్రహిస్తారు: నేనేం చేసినా మేడమ్ ఇదే అంటుంది, అంటే నానుంచి ఆమె ఏమీ ఆశించడం లేదు. గ్రహణశక్తి తక్కువని ఫైల్లో రాసి ఉన్నా, ఈ ఒక్క విషయం మాత్రం వాళ్లే అందరికంటే ముందు గ్రహిస్తారు. ఎందుకో నాకూ అంతుబట్టదు.

మీలాంటి చదువుకున్నవారికి సందేహం రావచ్చు. పొగడ్త మంచిది కాదా అని. మనకి చాలా మంచిది. హాటీ, టింపర్లీ అనే ఇద్దరు 2007లో ఫీడ్‌బ్యాక్ మీద పెద్ద వ్యాసం రాస్తూ, మనిషిని ఊరికే మెచ్చుకునే మాటలో చేసిన పని గురించిన కబురేమీ ఉండదనీ, అందుకే దాంతో నేర్చుకునేది దాదాపు ఉండదనీ తేల్చారు. అంతకుముందు 1996లో క్లూగర్, డెనీసీ అనే మరో ఇద్దరు పాత పరిశోధనల్లోని 607 ఫలితాలను కలిపి లెక్కగట్టారు. మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని మెరుగుపడలేదు సరికదా, దిగజారింది. ధ్యాస పని మీదనుంచి 'నేనెలాంటివాణ్ణి' అనే బెంగ మీదికి మళ్లేకొద్దీ ఫలితం చెడుతుందని కూడా చెప్పారు. ఆ మూడో వంతులో చేరడానికి దారి వాళ్లే చూపించారన్నమాట. పని ఊసెత్తకండి. ఎప్పుడూ మనిషి మీదే మాట్లాడండి. 'నువ్వు బంగారం', 'నువ్వు మొద్దు', రెండూ ఒకే దారి, మీ మూడ్‌ని బట్టి వాడుకోండి.

'తెలివైనవాడివి' అని పొగిడితే ప్రమాదమని 1998లో మ్యూలర్, డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో ప్రయోగాలు చేసి చూపారు. అలా పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిళ్ల దగ్గర ఓడిపోయాక తొందరగా చేతులెత్తేశారు. కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలు ఇంకా ప్రయత్నించారు. మనకా భయం లేదు. మన పిల్లల్ని తెలివైనవాళ్లని ఎవరు పొగిడారు గనక? మనం 'మంచి పిల్లాడు' అంటాం. మీసం వచ్చినవాణ్ణి కూడా.

జాగ్రత్తగా ఉండాల్సింది ఇలాంటి వాక్యాలతో: 'పక్కమ్మాయి మాట కోసం తడుముకుంటుంటే నువ్వు అందుకోకుండా ఆగావు. తను చెప్పాల్సింది పూర్తిగా చెప్పగలిగింది.' పొరపాటున కూడా అనకండి. తానేం చేశాడో, దానివల్ల ఏం జరిగిందో అతనికి తెలిసిపోతుంది. తెలిస్తే వచ్చేవారం మళ్లీ చేస్తాడు. నాలుగుసార్లు చేశాక 'నాకు ఆగడం వచ్చు, నావల్ల ఒకరికి మేలు జరిగింది' అనుకుంటాడు. అలా అనుకున్నవాణ్ణి తర్వాత చిన్న కుర్చీలో కూర్చోబెట్టడం కష్టం.

తప్పు చెప్పేటప్పుడు కూడా ఇంతే. 'బుద్ధిగా ఉండు' అనండి. బుద్ధిగా ఉండటమంటే ఏం చేయాలో చెప్పకండి.

పిల్లలు ఒకరికొకరు ఫీడ్‌బ్యాక్ ఇచ్చుకోవడం ఇంకా ప్రమాదం. గ్రూప్ థెరపీ మీద ఇర్విన్ యాలమ్ 1970లో ఒక లావుపాటి పుస్తకం రాశాడు. ఈ బాధ నా ఒక్కడిదే కాదని తెలియడం, ఇంకొకరికి నేనూ సాయపడగలనని తెలియడం, వీటివల్లే గ్రూపు పనిచేస్తుందన్నది అందులోని ముఖ్యమైన మాటల్లో కొన్ని. మన పిల్లలు పుట్టినప్పట్నుంచీ సాయం అందుకునేవాళ్లే. అన్నం ఒకరు పెడతారు, బొత్తాలు ఒకరు పెడతారు, జవాబు ఒకరు అందిస్తారు. వాళ్లచేత సాయం చేయించి ఆ ఏర్పాటును చెడగొట్టడం దేనికి? ఎవరేమన్నా మీవైపు తిరిగి మీతోనే అనాలి. మీరే తిరిగి రెండోవాడికి అందించాలి. ఎనిమిది మంది ఉన్న గదిలో ఎనిమిది విడివిడి సంభాషణలు జరగాలి, తొమ్మిదోది పుట్టకూడదు.

అయినా ఒక్కోసారి పుడుతుంది. ఒక కుర్రాడు పక్కవాడివైపు తిరిగి, 'నిన్న నా ప్లేటులో గుడ్డు నువ్వు తీసుకున్నావ్. నాకు కోపమొచ్చింది' అంటాడు. ఏం జరిగిందో చెప్పాడు, ఎప్పుడో చెప్పాడు, తనకేమనిపించిందో చెప్పాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆఫీసుల్లో పెద్ద పెద్ద జీతాలవాళ్లకి హోటల్లో భోజనం పెట్టి రెండు రోజులు నేర్పినా రాని వాక్యం అది. వెంటనే అడ్డుపడండి. 'ఛ, తప్పు! ఫ్రెండ్స్ అలా అనుకోకూడదు. సారీ చెప్పు. షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి. వెరీ గుడ్.' కోపం వచ్చినా చెప్పకూడదని మొదటివాడు నేర్చుకుంటాడు. తీసుకుంటే అడిగేవాడు లేడని రెండోవాడు నేర్చుకుంటాడు. తిన్నవాడికి గుడ్డు, అడిగినవాడికి సుద్దులు.

'ఆ మాటకి నువ్వేమంటావు?' అని రెండోవాణ్ణి అడగాలనీ, అతను జవాబు వెతుక్కునేదాకా నోరు మూసుకు కూర్చోవాలనీ కొందరు అంటారు. ఆ నిశ్శబ్దం భరించడం మాటలు కాదు. గడియారం ముల్లు వినబడుతుంది. పది సెకన్లు గడిస్తే జవాబు వచ్చేస్తుందేమో కూడా. రెండో సెకనుకే మీరు అందించేయండి.

పరిశీలించడానికి పైఅధికారి ఎవరైనా వస్తే చూపించడానికి ఒక ఆట ఉంది. ఒకణ్ణి మధ్యలో నిలబెట్టి 'ఇతనిలో ఒక మంచి, ఒక చెడు చెప్పండి' అని అందరినీ వరసగా అడగండి. ఎప్పుడూ మాట్లాడని పిల్లనే ముందు నిలబెట్టండి. మంచి దగ్గర అందరూ 'మంచిది' అంటారు. చెడు దగ్గర మాత్రం ఎవరికీ మాటలు కరువవ్వవు. ఇంట్లో, వీధిలో, పాత బడిలో తాము విన్నవే ఉంటాయి కదా, అప్పజెప్పేస్తారు.

ఇక ప్రశ్నలు ఎలా వేయాలి? ఎప్పుడూ అవును, కాదు అనే జవాబు వచ్చేలా. 1981లో సిగెల్‌మన్, ఆమె తోటివారు మేధో వైకల్యం ఉన్నవాళ్లను ఇలాంటి ప్రశ్నలే అడిగి చూశారు. ప్రశ్నను తిరగేసి అడిగినా చాలామంది అవుననే అన్నారు. ఇంత సులువైన పద్ధతి ఇంకోటి లేదు. 'గ్రూపు నచ్చిందా?' అవును. 'ఇప్పుడు ధైర్యంగా ఉందా?' అవును. 'నీ మీద నీకు నమ్మకం పెరిగిందా?' అవును మేడమ్. నూటికి నూరు శాతం ఫలితం, రిపోర్టులో పటం గీయవచ్చు. 'గ్రూపు విసుగ్గా ఉందా?' అని మాత్రం అడగకండి. దానికీ అవుననే అంటారు.

ఇందులో పిల్లల అమాయకత్వం కంటే అనుభవమే ఎక్కువ. ఎడ్వర్డ్ జిగ్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ పిల్లల్ని దశాబ్దాలపాటు గమనించాడు. పదేపదే ఓడిపోయిన పిల్లలు తమ ఆలోచనను నమ్ముకోవడం మానేసి, జవాబు కోసం ఎదుటివాళ్ల వైపు చూడటం అలవాటు చేసుకుంటారని చెప్పాడు. మీరు ప్రశ్న వేయగానే వాళ్లు మీ మొహంలోకి చూస్తారు, గమనించే ఉంటారు. కాబట్టి కనుబొమలు సిద్ధంగా ఉంచుకోండి. కాస్త పైకెత్తితే చాలు, అదే వాళ్ల అభిప్రాయమైపోతుంది. మీకు తెలియనట్టు కూర్చుని 'నాకు నిజంగా తెలీదు, నువ్వే చెప్పాలి' అన్నారో, వాళ్లు ఆలోచించడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

పిల్లలు తమ గురించి తామేమనుకుంటున్నారో కొలవాలని ఉంటే, చదివించి టిక్కు పెట్టించే ప్రశ్నపత్రమే వాడండి. తెలుగు గ్రాంథికంలో ఉండాలి. ఒక్కో వాక్యంలో రెండు 'కాదు'లైనా ఉండాలి. 'నాకు విలువ లేదని నాకు అనిపించకపోవడం అరుదు కాదు' అని ఇచ్చి, 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'ఏమాత్రం అంగీకరించను' దాకా ఐదు గడులు పెట్టండి. మీకే అర్థం కాకపోతే ఇంకా మంచిది. హార్టర్, పైక్ అనేవాళ్లు 1984లో చిన్న పిల్లల కోసం బొమ్మల పద్ధతి ఒకటి తయారుచేశారు. ఒక బొమ్మలో పిల్లాడికి చాలామంది స్నేహితులు, ఇంకో బొమ్మలో అంతమంది లేరు, నువ్వు ఎవరిలా ఉంటావని అడగడం, పిల్లాడు వేలు పెట్టి చూపడం. అందులో చదవడం రానక్కర్లేదు, అవునననక్కర్లేదు. నిజం బయటపడుతుంది. మనకెందుకు?

మార్కులు వచ్చాక వాటిని అర్థం చేసుకునే విధానం ఇది. తన గురించి గొప్పగా చెప్పుకుంటే 'తన స్థితి తనకు తెలియదు' అని రాయండి. తక్కువగా చెప్పుకుంటే 'వైకల్యం వల్ల ఆత్మన్యూనత' అని రాయండి. ఏదొచ్చినా ఫైలే గెలుస్తుంది. ఒక పిల్ల రెండు వారాలుగా తినడం లేదు, మూల కూర్చుంటోంది. వాళ్ల అమ్మమ్మ పోయింది. ఆ అమ్మమ్మే ఆ పిల్లకి జడ వేసేది, బడి గేటు దాకా తీసుకొచ్చేది. ఈ సంగతి మీరు అడిగితే తెలుస్తుంది, అడగకపోతే తెలియదు. అడగకుండా, మేధో వైకల్యానికి పాత పేరు వాడి, 'ఎం.ఆర్. పిల్లలు అంతేనండీ, ఒక్కోసారి అలా ఉంటారు' అనేయండి. ఇలా ప్రతి బాధనూ వైకల్యం ఖాతాలో రాసేయడం గురించి 1982లోనే రీస్ అనే ఆయన, తోటివారు పరిశోధించి హెచ్చరించారు. నలభై ఏళ్లు దాటినా పద్ధతి చెక్కుచెదరలేదు.

ఏదో ఒకరోజు ఒక కుర్రాడు, మీరేమీ అడక్కుండానే అంటాడు: 'మా వీధిలో నన్ను పిచ్చోడంటారు మేడమ్.'

మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఇక్కడ మాత్రం తడబడకండి. వెంటనే నవ్వు మొహంతో 'ఛీ ఛీ, అలా ఏం లేదు నాన్నా, నువ్వు అందరిలాగే ఉన్నావు' అని మాట మార్చేయండి. అది అబద్ధమని అతనికి తెలుసు. అందరిలాగే ఉంటే ఈ బడికెందుకు వస్తాడు, తమ్ముడు వెళ్లే బడికి తానెందుకు వెళ్లడు, పెళ్లిళ్లకి తనను ఇంట్లో ఎందుకు వదిలివెళతారు? ఈ లెక్కలన్నీ అతను ఎప్పుడో చేసుకున్నాడు. రాబర్ట్ ఎడ్గర్టన్ 1967లో రాసిన పుస్తకం ఇలాంటివాళ్ల గురించే. కాలిఫోర్నియాలో ఒక సంస్థనుంచి బయటికొచ్చి ఊళ్లో బతుకుతున్న మనుషులు తమకు పడిన ముద్రను దాచుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డారో అందులో ఉంది. వాళ్లకేం తెలుసులే అనుకోవడం మన వెసులుబాటు, అంతే. మీరు 'అలా ఏం లేదు' అనగానే అతనికి కొత్తగా తెలిసేది ఒకటే: నా సంగతి మేడమ్ కూడా నోటితో పలకలేనంత సిగ్గుపడాల్సినదన్నమాట.

మీరు మాట మార్చడంలో ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెబుతాను, జాగ్రత్తపడతారని. పక్కనున్న పిల్ల 'నన్నూ అంటారు' అంటుంది. ఇంకొకడు 'నన్ను మా బాబాయి కూడా అంటాడు' అంటాడు. 'నువ్వేం చేస్తావ్?' అని ఒకరు, 'నేను ఇంట్లోకి పోతా' అని ఒకరు, 'నేను నా పేరు ఇది అని గట్టిగా చెప్తా' అని ఇంకొకరు. అందులో ఒకటి ఆ కుర్రాడికి పనికొస్తుంది. మీరు లేకుండానే గ్రూపు నడిచిపోతుంది. పైగా ఎవరైనా పత్రికలు చదివే పిల్లాడుంటే, వికలాంగుణ్ణి నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలలనుంచి ఐదేళ్ల దాకా జైలు ఉందని కూడా చెబుతాడు. అక్కడితో తప్పు తమ వైపు లేదని అందరికీ తెలిసిపోతుంది. అమెరికా ఒరెగాన్‌లో 1974లో ఇలాగే కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు 'పీపుల్ ఫస్ట్' అని సొంతంగా సంఘమే పెట్టుకున్నారు. ఆ పేరుతో సంఘాలు తర్వాత దేశాలు దాటి పాకాయి. చూసుకోండి మరి.

సాయంత్రం గేటు దగ్గర తల్లులు ఎదురుచూస్తుంటారు. పిల్లాడు అక్కడే నిలబడి ఉండగా, అతను లేనట్టే అతని గురించి మాట్లాడండి. 'ఇవాళ ఎలా ఉన్నాడండీ?' 'బానే ఉన్నాడమ్మా, గొడవేం చేయలేదు.' గొడవ చేయకపోవడమే అతని జీవితంలో అత్యుత్తమ ఫలితమని తల్లికీ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది. గ్రూపులో అతను చెప్పుకున్న రహస్యాలుంటే అవి కూడా అక్కడే, కొంచెం గట్టిగా చెప్పండి. 'ఇవాళ నువ్వేం చేశావో అమ్మకి నువ్వే చెప్పు' అనే టీచర్లు కొందరున్నారు. వాళ్లవల్ల ఆటోలు ఆలస్యమవుతున్నాయి.

గ్రూపు ముగించడానికి చెప్పాపెట్టకుండా మానేయడమే ఉత్తమం. ఎం.ఏ. సైకాలజీ విద్యార్థులు ఇంటర్న్‌షిప్పుకి వచ్చి, ఆరువారాలు 'అక్కా అక్కా' అనిపించుకుని, సర్టిఫికెట్ అందగానే మాయమైనట్టు. వచ్చే వారం పిల్లలు వాళ్లంతట వాళ్లే కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. వాచ్‌మన్ చెబుతాడు లెండి.

చివరగా, గ్రూపు ఎలా ఉందో, మీరెలా నడిపారో పిల్లల్ని అడగవద్దు. అడక్కపోయినా ఒకడు అనవచ్చు: 'మీరు ఎక్కువ మాట్లాడతారు మేడమ్. మాకు టైమ్ ఇవ్వరు.' మీ గ్రూపు మొత్తంలో వచ్చిన అసలైన ఫీడ్‌బ్యాక్ అదొక్కటే. ఫైల్లో 'ఎదురు మాట్లాడే గుణం ఉంది' అని రాసుకుని, కింద తేదీ వేసి సంతకం పెట్టండి.